మూడో నంబరు కిటికీ

టొలీడోలో సెప్టెంబరు ఇరవయ్యో తారీఖు.
సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది.
మూడో నంబరు కిటికీ వెనక నేను.
పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి
గంటకి పన్నెండు డాలర్ల చొప్పున
"కుదరదు" అనే మాటని మర్యాదగా చెప్పే ఉద్యోగం.

వరసలో అందరిదీ ఒకటే అర్జీ:
యూనివర్సిటీ ఇన్సూరెన్సు మాకొద్దు,
వేరేది ఉంది, ఇదిగో కాగితం.
నేను కాగితం చదవను,
మార్లీన్ ఇచ్చిన పట్టీ పక్కన పెట్టి పోలుస్తాను.
కాన్పు ఖర్చు రావాలి. మనసు బాగోకపోయినా రావాలి.
పాత జబ్బుల్ని బయటికి నెట్టకూడదు.
శవాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా ఉండాలి.
ఆ గడి దగ్గర ఒక్కొక్కరూ
పెన్ను ఎత్తి, ఒక్క క్షణం ఆగి,
మిగతావాటికన్నా గబగబా టిక్కు పెట్టేస్తారు.

బినోద్ థాపా పాలసీకి లక్ష డాలర్ల హామీ ఉంది,
మామూలు జ్వరానికి లేదు. కుదరదు.
లాగోస్ నుంచి వచ్చిన పిల్ల భర్త ఆఫీసు కార్డు చూపించింది.
కుదిరింది.
అద్దం మీద ముద్దు పెట్టి వెళ్ళింది,
తుడవడానికి నాకు మనసు రాలేదు.

నాలుగూ నలభైకి వచ్చాడు కొప్పిశెట్టి నరహరి,
అరచెయ్యి దవడకి ఆనించి.
"తెలుగులో మాట్లాడొచ్చా అండీ?"
మాట్లాడొచ్చు.
తెలుగులో అయితే "కుదరదు" ఇంకా గట్టిగా తగులుతుందని
అతనికి తెలీదు పాపం.
నలభై డాలర్లకి ఎక్కడో కొన్న పాలసీ అది,
మార్లీన్ పట్టీలో మూడో గీత దాటలేదు.

పదహారు వందల నలభై ఎనిమిది డాలర్లు
అప్పటికే అతని ఖాతాలో ఎక్కి కూర్చున్నాయి.
కట్టకపోతే వచ్చే సెమిస్టర్ తలుపు తెరుచుకోదు.
"సరే, ఇంత కడితే ఈ పన్ను పీకుతారా?"
జ్ఞానదంతం. ఆరు రోజులుగా నిద్ర లేదట.
నూట పన్నెండు పేజీల పుస్తకం నాకు కంఠతా వచ్చు.
ఒంటికి ఉంది.
కళ్ళకి వేరే కొనాలి. పళ్ళకి వేరే కొనాలి.
"అంటే పళ్ళు ఒంట్లోవి కావా అండీ?"
కావు. ఒహాయోలో కావు.
నవ్వబోయి, నొప్పెట్టి, సగంలో ఆపేశాడు.

"మరి డిడక్టిబుల్ అంటే?"
దీన్ని నాకు ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పారు,
తెలుగులో అనుకున్నాకే అర్థమైంది.
మొదటి ఐదొందలూ నీ జేబులోంచే పోతాయి.
ఆ తరవాత పాలుకిచ్చిన చేను లెక్క,
ఎనభై వాళ్ళది, ఇరవై నీది.
"పంటేమిటి?"
జబ్బే.
"పండకపోతే?"
పండకపోతే కౌలు మొత్తం వాళ్ళకే,
నువ్వు దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోవాలి.

సంతకం పెట్టాడు, ఎడం చేత్తో.
కుడిచెయ్యి దవడని వదల్లేదు.

నా అన్నం డబ్బా పక్కనే ఉంది.
బగారా అన్నం అడుగున, తినకుండా ఏరి పెట్టిన
లవంగం ఒకటి మిగిలింది.
నీళ్ళలో కడిగి, రసీదులో మడిచి,
కాగితాలు దూరే సందులోంచి అవతలికి తోశాను.
"పంటికింద పెట్టుకో. కొరక్కు."

మార్లీన్ చూడనే చూసింది.
మంచి మనిషి. కొడుక్కి పుల్లల అద్దం కట్టించలేక
రెండో ఉద్యోగం చేస్తోంది, నాకు తెలుసు.
"అది వైద్య సలహా కిందికి వస్తుంది," అంది మెల్లగా,
"ఈ కిటికీలోంచి మనం ఇవ్వకూడదు."
సరేనన్నాను.

కళ్ళజోడు పైకి తోసుకున్నాను.
జూన్‌లో కింద పడింది, ఎడమ గాజు నిలువునా చీలింది.
చెప్పానుగా, కళ్ళకి వేరే.
చీలికకి ఇటొక నరహరి, అటొక నరహరి,
ఇద్దరూ బుగ్గలో లవంగం పెట్టుకుని
ఒకే తలుపు తోసుకుంటూ వానలోకి వెళ్ళారు.

ఐదయింది.
షట్టర్ దించుతుంటే ఇంకా నలుగురున్నారు వరసలో.